నల్ల టమాటా వేద్దామంటే... బ్లాక్ చెర్రీ మేలా, ఇండిగో రోజ్ మేలా?

విజయవాడలో మేడ మీద వేసేవాళ్లకు ముందు ఒక మాట. ఏ రకమైనా సరే నారు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పోసుకోండి, మార్చి దాటి పగలు 35 డిగ్రీలు మించిందంటే మన ఎండకి పూత వచ్చినా పిందె నిలవదు.

చూడటానికి ఇండిగో రోజ్‌దే పైచేయి. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ 2012లో విడుదల చేసిన ఈ రకం అచ్చం నేరేడుపండు రంగు. ఆ రంగు ఆంథోసయానిన్ అనే ఊదా వర్ణకానిది, అదీ తొక్కలోనే, ఎండ తగిలిన మేరకే. తొడిమ నీడ పడినచోట రంగు రాదు, కోస్తే లోపల మామూలు ఎరుపే. చిక్కల్లా కాయ పచ్చిగా ఉండగానే నల్లబడటం, పండిందనుకుని తెంపేస్తే నోట్లో పెట్టలేం. అడుగు ఎర్రబడి, పైన మెరుపు తగ్గేదాకా ఆగాలి. కాయ కూడా బ్లాక్ చెర్రీ కంటే కాస్త పెద్దది.

బ్లాక్ చెర్రీ నిజానికి నలుపే కాదు! పండాక కూడా పత్రహరితం పూర్తిగా పోదు, అది ఎరుపుతో కలిసి ముదురు గోధుమ, ఊదా మధ్యలో ఏదో రంగొస్తుంది, గుజ్జు కూడా అలాగే ముదురుగా ఉంటుంది. రుచి మాత్రం దీనిదే, తీపి పులుపు రెండూ ఉంటాయి, సగం కాయలు మేడ దిగకముందే అయిపోతాయి. కాకపోతే ఆరడుగులు దాటి సాగుతుంది, గట్టి కర్రలు పాతాలి, కనీసం 20 లీటర్ల కుండీ కావాలి.

ఒక్క కుండీకే చోటుంటే నేనైతే బ్లాక్ చెర్రీయే వేస్తాను. రెండూ హైబ్రిడ్‌లు కావు కాబట్టి విత్తనం దాచుకోవచ్చు. పప్పులోకి, రోటి పచ్చడిలోకి మాత్రం రెండూ దండగే, దానికి రైతుబజారు టమాటా ఉండనే ఉంది.