ఒకే చట్రం, నాలుగు వేషాలు: ఇంక్‌స్కేప్‌లో ఫౌండ్రీకి చేసుకున్న టెంప్లేట్లు, మూడేళ్ల వాడకం తర్వాత

పగలు శ్రీకాకుళంలో ఫ్లెక్సీ షాపులో డిజైను పని చేస్తాను. శనివారం రాత్రి అదే కంప్యూటర్ మీద గేమ్ మాస్టర్‌ని, అంటే కథ నడిపి ఆట ఆడించేవాణ్ణి. పాచికలు వేసి, పాత్రలు కట్టి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటను బ్రౌజర్‌లో ఆడించే వర్చువల్ టేబుల్‌టాప్ ఫౌండ్రీ. 2020లో వచ్చింది. లైసెన్సు ఆడించేవాడు ఒక్కడు కొంటే చాలు, మిగతావాళ్లు లింకు తెరిచి కూర్చుంటారు. మేము నలుగురం: నేను, విజయనగరంలో మా బావమరిది, విశాఖలో ఒక మిత్రుడు, బెంగళూరులో ఇంకొకడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధం చుట్టూ అల్లుకున్న కథ ఆడుతున్నాం. కథ బొబ్బిలిది, తెర మాత్రం ఏదో యూరప్ కోట వాసన కొడుతుండేది. అందుకే దానికి వేషం మార్చడం మొదలుపెట్టాను.

మొదటి స్కిన్‌కు, అంటే తెర వేషానికి, నెల పట్టింది. తెర మీది ప్రతి కిటికీకీ (విండోకు), ప్రతి మీటకూ (బటన్‌కు) విడిగా బొమ్మ గీశాను. రెండోది చేయబోతే మళ్లీ నెల. అప్పటికి గాని నాకు షాపు గుర్తుకు రాలేదు. పెళ్లి ఫ్లెక్సీని ఎవడూ ప్రతిసారీ కొత్తగా గీయడు. చట్రం ఒకటే, పేర్లూ ఫొటోలూ మారతాయి. పదేళ్లుగా చేస్తున్న పనే ఇంట్లో చేయాలని తట్టకపోవడం ఏమిటో!

చట్రం రహస్యం తొమ్మిది ముక్కల్లో ఉంది. కిటికీ బొమ్మను మూడు అడ్డు, మూడు నిలువు భాగాలుగా కోస్తాం. నాలుగు మూలలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, అంచులు ఒక దిక్కుకే సాగుతాయి, నడుమ ముక్క రెండు దిక్కులకూ సాగుతుంది. తెర రూపాన్ని నిర్ణయించే స్టైల్ ఫైలులో (సీఎస్ఎస్) బోర్డర్-ఇమేజ్ అనే సదుపాయం ఈ పని చేస్తుంది. నా మూల కొలత 48 పిక్సెళ్లు. శ్రీముఖలింగం గుడి గోడల మీది లతల చెక్కడం చూసి గీసుకున్న తీగ ఆ 48 లోపలే ముగియాలి. మొదట్లో నా తీగ కొస ఒకటి మూల దాటి అంచులోకి వచ్చింది. చిన్న కిటికీలో బాగానే ఉంది. పాత్ర వివరాల పత్రం తెరిస్తే ఆ కొస సాగి సాగి వానపాములా తయారైంది. అంచును సాగదీయకుండా వరుసగా పేర్చే అమరిక కూడా ఉంది. అప్పుడు ఆ కొస ముక్కలు ముక్కలుగా అంచంతా మొలిచింది. దోషం గీతలోదే, అమరికలో కాదు.

ఈ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో నన్ను నిలబెట్టినవి రెండు. ఒకటి క్లోన్లు: ఒక మూల గీసి మూడు క్లోన్లు తిప్పి పెడితే, అసలు దాన్ని ఎప్పుడు సవరించినా నాలుగూ మారతాయి. రెండోది స్వాచ్‌లు. ఇత్తడి రంగును ఒక్కచోట పేరు పెట్టి ఉంచితే, ఆ పేరు వాడిన ప్రతి ఆకారమూ దానితో పాటే మారుతుంది. బూడితి ఇత్తడి బిందె మెరుపును చూసి చేసిన ‘కోట’ స్కిన్ నుంచి, కళింగపట్నం రేవు కోసం చేసిన నీలం స్కిన్‌కు మారడానికి ఐదు స్వాచ్‌లు మార్చాను. ఒక సాయంత్రం పని, అందులో సగం టీ. 1.2 వర్షన్ నుంచి బ్యాచ్ ఎక్స్‌పోర్ట్ కూడా ఉంది కాబట్టి ముప్పై నాలుగు బొమ్మలు ఒకేసారి పీఎన్‌జీ అనే రకం బొమ్మ ఫైళ్లుగా బయటికి వస్తాయి. ఎక్స్‌పోర్ట్ చేసే ముందు ప్రతిదానికీ సరైన పేరు పెట్టుకోవాలి. పెట్టకపోతే ఫైళ్ల నిండా అంకెల పేర్లే.

ఒక చిక్కు చెప్పి తీరాలి. ఒక పిక్సెల్ మందం గల బంగారు గీతను సరిగ్గా రెండు పిక్సెల్ గడుల సరిహద్దు మీద గీస్తే, ఆ గీత సగం ఇటూ సగం అటూ పడి రెండు పిక్సెళ్ల మసక గీత అవుతుంది. ఫ్లెక్సీలో ఇది ఎవరికీ కనబడదు, ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తారు. ఇక్కడ కళ్లకు అడుగున్నర దూరంలో ఉంటుంది. ఇప్పుడు నా సన్న గీతలన్నీ గీతలు కావు, రంగు నింపిన సన్నటి దీర్ఘచతురస్రాలు.

కిటికీల వెనక నేలకు (బ్యాక్‌గ్రౌండ్‌కు) పొందూరు ఖద్దరు వాడాను. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి నేసే ఆ బట్ట దారం ఎంత సన్నమంటే, షాపు స్కానర్‌లో పెట్టిన మా నాన్నగారి పంచె తెర మీద చిన్నదయ్యేసరికి అలలు అలలుగా మెరిసింది. తలనొప్పి. ఇలాంటి పనికి ఇంక్‌స్కేప్ పనికిరాదు. ఫొటోలు సవరించే గింప్ సాఫ్ట్‌వేర్‌లో కాస్త మసక చేసి, వెలుగునీడల తేడా తగ్గించి, అతుకు కనబడని 256 పిక్సెళ్ల పలకగా చేశాను. ఆ తెలుపు పాలతెలుపు కాదు, కొంచెం గోధుమ ఛాయ. రాత్రి రెండు గంటల దాకా చూసినా కళ్లు మండవు.

అసలు పరీక్ష తెలుగు అక్షరం పెట్టింది. మొదటి రాత్రి బావమరిది ఫోను చేశాడు. “బావా, నా దగ్గరున్న అస్త్రం కాస్తా అసం అయింది, శక్తి శకి అయింది. ఇక యుద్ధం ఎలా చేయను?” ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచిన మీటలో మన వత్తులు కింద తెగిపోయాయి. వత్తు కింద వత్తు ఉన్న చోట ఇంకా ఘోరం. అప్పటి నుంచి మీట ఎత్తు 32 నుంచి 44కు, లైను ఎత్తు 1.7కు పెంచి ఆ కొలతలనే టెంప్లేట్‌లో బిగించాను. అక్షరాలను బొమ్మలో గీయడం పూర్తిగా మానేశాను. పాఠం పాఠంగా, బొమ్మ బొమ్మగా ఉండాలి. శీర్షికలకు గిడుగు ఫాంటు, లోపలి పాఠానికి మండలి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన మన జిల్లా పెద్దాయన పేరున్న అక్షరాల్లో “పాచికలు వేయి” అన్న మీట కనిపిస్తే నాకు ముచ్చటేస్తుంది. మా రంగంలో ఏళ్లుగా వాడే యూనికోడ్ కాని పాత ఫాంట్లు ఇక్కడ పనిచేయవు. షాపులో టైపు చేసినది అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి.

2025లో ఫౌండ్రీ 13వ వర్షన్ వచ్చింది, తెర రూపురేఖలు మారాయి. ఏమేమి మారాయో చదవకుండా ఆట రోజు మధ్యాహ్నమే నేను అప్‌డేట్ నొక్కాను. నా స్కిన్ సగం ఊడిపోయింది. తప్పు నాది, ఆ రాత్రి వేషం లేకుండానే ఆడాం. తర్వాత చూస్తే ముప్పై నాలుగు బొమ్మల్లో ఒక్కటీ పాడవలేదు; స్టైల్ ఫైలులో పాత పేర్లను కొత్తవాటితో మార్చితే రెండు రాత్రుల్లో తేరుకుంది. చట్రాన్ని, స్టైలును విడివిడిగా ఉంచినందుకు దక్కిన ఫలం ఇదే.

ఆట మా ఇంటి కంప్యూటర్ నుంచే నడుస్తుంది కాబట్టి బొమ్మల బరువు కూడా ముఖ్యం. పీఎన్‌జీలను తక్కువ బరువుండే వెబ్‌పీ రకానికి మార్చాక పదకొండు ఎంబీల ఫోల్డరు రెండు ఎంబీల లోపుకు దిగింది, బెంగళూరు మిత్రుడు ఖాళీ తెర చూస్తూ కూర్చోవడం తప్పింది.

ఒక్క కథ ఆడి ఆపేసేవారు ఈ జోలికి రావద్దు, దొరికే స్కిన్ ఏదో ఒకటి పెట్టుకుని ఆడుకోండి. రెండో కథ మొదలుపెట్టేవారికి మాత్రం ఆ మొదటి నెల శ్రమ గిట్టుబాటే. నాకింకా లొంగనిది స్క్రోల్ బార్: ఫైర్‌ఫాక్స్‌లో రంగూ మందమూ మార్చవచ్చు గాని నా ఇత్తడి తీగ దాని మీద ఎక్కదు. టెంప్లేట్ ఫైలు పేరు ఇప్పటికీ ‘పెళ్లి ఫ్లెక్సీ కొత్తది 2’. మారిస్తే ఏ లింకు తెగుతుందోనని మార్చలేదు.