పాత ఈ-గ్రావెల్ సైకిలా, కొత్తదా: జయపురం ఘాటీలో రెండూ తొక్కాక

తెలియని వాళ్లకి ముందు ఒక్క ముక్క. గ్రావెల్ సైకిల్ అంటే వంపు హ్యాండిల్ రేసు సైకిలే, కాకపోతే మట్టి రోడ్డు మీద కూడా పోయేలా లావు టైర్లుంటాయి, దానికి మోటార్ తగిలిస్తే ఈ-గ్రావెల్. ఒడిశాలోని మా జయపురంలో టీ కొట్టు ముందు ఆపితే మొదట "మైలేజ్ ఎంత?" అంటారు, తర్వాత "కేతే టంకా?" అంటారు, అంటే ఎంత డబ్బు అని. ధర సంగతి నేను ఇంట్లోనే చెప్పలేదు, టీ కొట్టులో ఏం చెప్తాను.

నేను తొక్కినవి స్పెషలైజ్డ్ అనే కంపెనీ టర్బో క్రియో మోడల్‌లో రెండు తరాలు. పాతది 2019లో వచ్చిన క్రియో ఎస్‌ఎల్, మా బావ జర్మనీ నుంచి వచ్చేస్తూ ఇంటి సామానుతో ఓడలో వేయించాడు. కొత్తది 2023 నాటి క్రియో 2, సునాబెడాలో ఉండే ఫ్రెండ్‌ది.

మోటార్ లెక్కలు చూస్తే కొత్తదే గొప్ప. పాతది గరిష్ఠంగా 240 వాట్లు, తిప్పే బలం (టార్క్) 35 న్యూటన్ మీటర్లు. కొత్తది 320 వాట్లు, 50 న్యూటన్ మీటర్లు. కొరాపుట్ వైపు ఘాటీ ఎక్కేటప్పుడు మలుపులో లారీ అడ్డొచ్చి స్పీడు పడిపోయిందనుకోండి, కొత్తది నెమ్మదిగా తొక్కినా కింద నుంచి తోస్తుంది, పాతది మాత్రం గేరు దించి కాళ్లు గబగబా తిప్పితేనే సాయానికొస్తుంది. అలవాటైతే ఇబ్బంది లేదు, మోకాళ్లు బాగుండాలి అంతే. కానీ ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఇంకోటుంది: లోపలి బ్యాటరీ రెండింటికీ అదే 320 వాట్-అవర్లు. ఇంజన్ పెద్దది చేసి ట్యాంకు అలాగే ఉంచారన్నమాట. ఫుల్ పవర్‌లో పెట్టి ఎక్కితే కొత్తదే ముందు ఖాళీ అవుతుంది. కాబట్టి వాట్లు చూసి కొనాలనుకుంటే ఆగండి.

నన్ను అడిగితే కొత్తదానికి డబ్బులు పెట్టాల్సింది టైర్ల కోసం. పాతదాంట్లో 42 మిల్లీమీటర్ల టైరు వరకే పడుతుంది, కొత్తదాంట్లో 2.2 అంగుళాల దాకా, అంటే దాదాపు 56 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. పద్నాలుగు మిల్లీమీటర్లకే ఇంత గోలా అనిపిస్తుంది కానీ, వానాకాలంలో కొలాబ్ రిజర్వాయర్ వైపు ఎర్రమట్టి దారిలో ఒకసారి వెళ్లండి. ఆ బంక మట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య సందులో పొరలు పొరలుగా పేరుకుని, వెనక చక్రం కర్‌ర్‌మంటూ బిగుసుకుపోతుంది. దిగి పుల్లతో గీకాలి, నాలుగడుగులు నడిపించాలి, మళ్లీ గీకాలి. సందు ఎక్కువుంటే ఆ తిప్పలు సగం తప్పుతాయి. ఎండాకాలం మాత్రమే తొక్కే వాళ్లకి ఈ తేడా తెలియను కూడా తెలియదు.

ఛార్జింగ్ విషయంలో రెండూ ఒకటే తలనొప్పి. బ్యాటరీ ఫ్రేము లోపల ఉంటుంది, ఫోన్‌లాగా తీసి పక్కన పెట్టుకోలేం, సైకిలే ప్లగ్గు దగ్గరికి రావాలి. మేడ మీద అద్దెకుండే వాళ్లు ముందు మెట్లు లెక్కపెట్టుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో పాతది చూసే వాళ్లు కంపెనీ యాప్‌లో బ్యాటరీ హెల్త్, ఎన్నిసార్లు ఛార్జ్ అయిందో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. అమెరికా నుంచి ఎవరో తెస్తున్నారంటే ఇంకో రెండు చూసుకోవాలి. 160 వాట్-అవర్లు దాటిన బ్యాటరీని ప్యాసింజర్ విమానంలో ఎక్కించనివ్వరు, అంటే షాపులో బ్యాటరీ విప్పించి సైకిల్ తెచ్చినా, బ్యాటరీ రాకపోవచ్చు. పైగా అక్కడి మోడల్ గంటకి 45 కిలోమీటర్ల దాకా తోస్తుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా తిరగాలంటే మోటార్ అరగంటపాటు నిలకడగా ఇచ్చే పవర్ 250 వాట్లకీ, స్పీడు గంటకి 25 కిలోమీటర్లకీ లోపే ఉండాలి. రిపేరుకి ఏదైనా విశాఖ పోవాల్సిందే, అక్కడ కూడా ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి, "మోటార్ సైకిలా? మేం ముట్టుకోం" అన్న షాపు ఒకటి నాకు తగిలింది.

బావ తనది అమ్ముతానంటున్నాడు. కొత్తదాని రేటులో సగం కంటే తక్కువకైతే తీసుకుంటానన్నాను, వెనక టైరు కూడా మార్పించి ఇవ్వమన్నాను. టైరు దగ్గరే బేరం ఆగింది.