ఆరేళ్ళకు నా రిపోర్ట్ అడిగారు

పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లల్లేరు. ఇన్నేళ్ళూ టెస్టులన్నీ మా ఆవిడకే. స్కానింగులు, ట్యూబ్ టెస్ట్, తిరుచానూరు అమ్మవారికి మొక్కులు. నన్నెవరూ అడగలేదు, నేనూ ముందుకు రాలేదు. అది నా తప్పే. తిరుపతిలో ఈ ఫెర్టిలిటీ సెంటర్‌కి (సంతానం కోసం చికిత్స చేసే చోటు) వెళ్ళిన మొదటి రోజే డాక్టర్ మేడమ్ ఫైలంతా తిరగేసి, "మీ రిపోర్ట్ ఏదండీ?" అని నన్నడిగారు. ఈ రివ్యూ రాస్తున్నది అందుకే.

నా వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 20 లక్షలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 1 కోటి 60 లక్షలన్నా ఉండాలట. ఒక్క రిపోర్ట్‌తో తేల్చెయ్యలేదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుందని చెప్పి, మూడు నెలలాగి మళ్ళీ చేయించారు. నేను చంద్రగిరిలో స్వీట్ షాపులో రోజంతా పొయ్యి దగ్గరే ఉంటాను, ఆ వేడి కూడా ఒక కారణం కావచ్చన్నారు. వేరికోసిల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) ఉందేమో చూశారు, లేదు. రెండోసారీ కౌంట్ అంతే. అప్పుడు ఇక్సీ అన్నారు. అంటే ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సన్నటి సూదితో పంపిస్తారు.

లోపం నాది, సూదులు తనకి. అండాలు పెరగడానికి పదకొండు రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు. వేయడం నర్సు నాకే నేర్పింది. మొదటిరోజు నా చెయ్యి వణుకుతుంటే మా ఆవిడే నా మణికట్టు పట్టుకుని, "మెల్లగా కాదండీ, ఒక్కసారిగా గుచ్చెయ్యండి" అంది.

నేనడిగితే మా అమ్మను కూడా కూర్చోబెట్టి, "కోడలిలో ఏ లోపమూ లేదమ్మా" అని మేడమే చెప్పారు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. తిరిగి వస్తూ లీలామహల్ దగ్గర ఆటో ఆపించి, రెండు మూరల మల్లెపూలు కొని కోడలి తలలో తనే పెట్టింది.

ల్యాబ్ వాళ్ళు జాగ్రత్తపరులు. శాంపిల్ డబ్బా మీద మా ఇద్దరి పేర్లూ రాసి, నా నోటితో చెప్పించుకుని గానీ తీసుకోలేదు. కానీ శాంపిల్ గది వెయిటింగ్ హాలు పక్కనే, గడియ సరిగా పడదు. ఆ టెన్షన్‌లో మొదటిసారి నావల్ల కాలేదు. దీన్ని వెంటనే మార్చాలి. ప్యాకేజీలో ఇంజెక్షన్ల ఖర్చు కలపలేదని కూడా ముందే చెప్పాల్సింది, 60 వేలు అదనంగా అయ్యాయి. ఎనిమిదికి రమ్మంటే పదకొండున్నరకు గానీ పిలవరు, టిఫిన్ చేసి వెళ్ళండి.

మొదటిసారి గర్భం నిలవలేదు. ఆ రోజు మేడమ్ ఫోన్లో చెప్పకుండా పిలిపించి, అరగంట మాతో కూర్చున్నారు. ఇంకా రెండు ఎంబ్రియోలు (పిండాలు) ఫ్రీజింగ్‌లో ఉన్నాయి. వచ్చే నెల మళ్ళీ అక్కడికే వెళ్తున్నాం.