క్రూగ్ గ్రాండ్ క్యువే: ఆ ధరకు తగినదేనా?

సంక్రాంతికి అమెరికా నుంచి భీమవరానికో అమలాపురానికో వచ్చే బంధువుల పెట్టెల్లో స్కాచ్ సీసాల పక్కన ఇప్పుడు అప్పుడప్పుడు షాంపేన్ అనే ఫ్రెంచి బుడగల వైన్ కూడా కనిపిస్తోంది. విదేశాల్లోనే ఒక్కొక్కటి 20 వేల రూపాయల చుట్టూ పలికే పెద్ద పేర్లలో ఒకదాన్ని ఎంచుకోమంటే నేను క్రూగ్ సంస్థ చేసే గ్రాండ్ క్యువేనే ఎంచుకుంటాను. అది అంత డబ్బుకు తగినదా అంటే మాత్రం, ఎక్కడ కొన్నారు, దేనితో తాగారు అన్న రెండు సంగతులు తేల్చుకున్నాకే జవాబు చెప్పగలను.

పుస్తెలు అమ్మైనా పులస తినాలనుకునే మన గోదావరి వాళ్లకు ధర ఎక్కువన్నది ఒక్కటే అభ్యంతరం కాబోదు. కానీ పులసకు ఆ ధర ఎందుకో మనకు తెలుసు: వరద నీటికి ఎదురీది వచ్చే ఆ చేప ఏడాదికి కొద్ది వారాలే వలకు చిక్కుతుంది. షాంపేన్ ధరలో అలాంటి కారణం ఎంత, పేరు ఎంత అన్నది విడదీసి చూడాలి.

క్రూగ్ విషయంలో కారణం గట్టిదే. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు నిబంధనల ప్రకారం సాధారణ రకాన్ని కనీసం 15 నెలలు, ఒకే ఏటి పంటతో చేసిన రకాన్ని కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచితే చాలు. 1843లో మొదలైన ఈ సంస్థ మాత్రం పదికి పైగా సంవత్సరాల పంటల నుంచి తీసిన 120కి పైగా వైన్లను కలిపి, ఆ సీసాలను సుమారు 7 ఏళ్లు నేలమాళిగలో ఉంచాకే అమ్మకానికి పంపుతుంది. ద్రాక్షరసాన్ని తొలిసారి పులియబెట్టడం చిన్న ఓక్ కలప పీపాల్లో జరుగుతుంది కనుక రుచికి ఒక బరువు వస్తుంది; వేయించిన గింజల వాసన, కాల్చిన రొట్టె వాసన, వాటి వెనుక నిమ్మజాతి పులుపు వరుసగా తెలుస్తాయి. ముందే పరిపక్వమైన పాత వైన్లు ఇందులో కలిసి ఉన్నందున కొన్న వెంటనే తాగినా నిండుగానే ఉంటుంది.

ఆ పెద్ద పేర్లలో మరొకటైన డామ్ పెరిగ్నాన్ నా దృష్టిలో కొంత వెనకబడేది ఇక్కడే. అది బాగా పండిన ఒకే ఏటి ద్రాక్షతో చేసేది. అమ్మకానికి వచ్చిన కొత్తలో బిగుసుకున్నట్టు ఉండి, మరికొన్నేళ్లు చల్లని చీకటి గదిలో ఉంచితేనే విచ్చుకుంటుంది. మేలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఆపై కరెంటు కోతలు ఉన్న మన ఇళ్లలో అలాంటి గది ఎక్కడిది? రష్యా చక్రవర్తి కోసం 1876లో చేసిన క్రిస్టల్ అనే షాంపేన్‌కు పారదర్శకమైన సీసా ఒక ఇబ్బంది. వెలుతురు వైన్‌ను పాడుచేస్తుంది కనుకనే దానికి పసుపు రంగు కాగితం చుట్టి ఇస్తారు. దాన్ని విప్పి, పగటి విందులో షామియానా కింద బల్ల మీద అందంగా నిలబెట్టేవారిని ఏమనాలో తెలియదు.

తిండి దగ్గర మన అలవాట్లను కొద్దిగా సవరించుకోవాలి. చింతపండు పులుసు ముందు ఏ షాంపేన్ అయినా పలచబడిపోతుంది. కారం ఎక్కువైతే బుడగలు నాలుకను మరింత మండిస్తాయి. ఉప్పు, మిరియాలు, కరివేపాకుతో చేసిన రొయ్యల వేపుడు, తక్కువ కారంతో వేయించిన పండుగప్ప ముక్కలు క్రూగ్‌కు చక్కగా అమరుతాయి, ఎందుకంటే నూనె జిడ్డును పులుపు కోస్తుంది, ఓక్ పీపా ఇచ్చిన బరువు వేపుడు రుచికి తట్టుకుంటుంది. పూతరేకులు మాత్రం వద్దు. తీపి తిన్న నోటికి తీపి తక్కువగా ఉండే ఈ రకం పుల్లనీళ్లలా అనిపిస్తుంది.

గడ్డకట్టేంత చల్లగా ఇస్తే డబ్బు పెట్టి కొన్న వాసనలన్నీ అణిగిపోతాయి. 10 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంచి, సన్నని గొట్టంలాంటి గ్లాసులో కాక కాస్త వెడల్పాటి వైన్ గ్లాసులో, మన ఉక్కకు త్వరగా వెచ్చబడుతుంది కనుక కొంచెం కొంచెంగా పోసుకోవడం మేలు.

ఇక ధర. దిగుమతి వైన్ల మీద చాలాకాలంగా ఉన్న 150 శాతం సుంకం, దానిపై రాష్ట్రాల పన్నులు కలిపి ఇక్కడి దుకాణంలో కొనాల్సి వస్తే క్రూగ్ కూడా ఆ డబ్బుకు తగదని నా అభిప్రాయం. ఆ అదనపు సొమ్ముతో సీసాలోకి ఒక్క చుక్క రుచి కూడా చేరదు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి చేతిలోనే ఉన్నా, ఈ సరుకు కోసం అక్కడికి పరుగెత్తడంలోనూ అర్థం లేదు, ఎందుకంటే వేడి తగిలే దుకాణపు అరలో ఎన్నాళ్లు నిలబడిందో తెలియని సీసా నాకు వద్దు. విమానాశ్రయంలో సుంకం లేకుండా కొని, నలుగురికి మించకుండా కూర్చుని తాగేటట్టయితే తగుతుంది. యాభై మంది చేరే నిశ్చితార్థానికి బొలింజర్ స్పెషల్ క్యువే అనే మరో షాంపేన్ చాలు. దాదాపు మూడో వంతు ధరకు అది ఇలాంటి నిండుతనాన్నే చాలావరకు ఇస్తుంది.

వచ్చే ప్రయాణికుడికి సుంకం లేకుండా 2 లీటర్ల పరిమితి ఉంది కనుక 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే పడతాయి. నన్నడిగితే ఒకటి క్రూగ్, రెండోది బొలింజర్ తెమ్మంటాను.