కొలరాడోలో ఉడకని అన్నం

ఎస్టెస్ పార్కులో మేం దిగిన కేబిన్‌లో కుక్కర్ లేదు. డాలస్‌లో కారెక్కేటప్పుడు "నాలుగు రోజులకి కుక్కరెందుకు, దండగ" అన్నది నేనే. ఆ ఊరు ఏడున్నర వేల అడుగుల ఎత్తున ఉంది, నీళ్ళు 92 డిగ్రీలకే మరిగిపోతాయక్కడ. గిన్నెలో ఎసరు తెర్లుతూనే ఉంది, ముప్పావు గంటైనా మెతుకు పలుకు విడవలేదు. అమ్మ దాన్నే పెరుగులో నానేసి పెట్టింది.

కేబిన్ గురించి ఇంకో మాట. ఫొటోల్లో ఏరు గుమ్మం ముందే ఉంది. తీరా చూస్తే ఏటికీ మాకూ మధ్యన ఇరవై కార్ల పార్కింగు! దానికి తోడు క్లీనింగ్ ఫీజు విడిగా పిండారు.

రాకీ మౌంటెన్ పార్కుకి మాత్రం వంక పెట్టలేను. జూన్ మొదటి వారం, ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. 12,183 అడుగుల దాకా కారు వెళ్తుంది. పైన నాన్న పది అడుగులు వేసి, ఆయాసం వచ్చి రాయి మీద కూర్చున్నారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు డెన్వర్‌లో ఒక రాత్రి ఆగి ఎత్తుకి అలవాటు పడ్డాకే ఎక్కండి. మధ్యాహ్నం ఉరుములు మొదలవుతాయి, పొద్దున్నే వెళ్ళడం మేలు.

అదే రోడ్డు మీద మిల్నర్ పాస్ అనే కనుమ దగ్గర బోర్డుంది: ఇటు పడ్డ చినుకు అట్లాంటిక్ వైపు, అటు పడ్డది పసిఫిక్ వైపు. ఈ రాష్ట్రం చిక్కంతా అక్కడే. వానా మంచూ ఎక్కువగా పడమటి వాలున, జనమూ పొలాలూ తూర్పున. అందుకని ఈ పార్కు కిందనే 13 మైళ్ళ సొరంగం తవ్వి, 1947 నుంచి గ్రాండ్ లేక్ నీళ్ళని తూర్పుకి మళ్ళిస్తున్నారు. ఆ చెరువు గట్టున నిలబడి ఇది చెప్పగానే మా మార్కాపురం నాన్నకి ఆయాసం ఎగిరిపోయింది. "మన వెలిగొండ సొరంగమూ ఇంచుమించు ఇంతేగా, పంతొమ్మిది కిలోమీటర్లు" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

లెడ్‌విల్‌ని చాలామంది దాటేసి పోతారు. ఆగండి. పదివేల అడుగుల పైన, ఒకప్పుడు వెండి గనులతో వెలిగిన ఊరు. వెండి ధర పడిపోయాక చితికిపోయినా, దగ్గర్లోని క్లైమాక్స్ గనిలో ఇప్పటికీ మాలిబ్డినం అనే లోహం తీస్తున్నారు. మైనింగ్ మ్యూజియానికి రెండు గంటలు చాలు. చుట్టుపక్కల చాలా ఊళ్ళు గనులు వదిలి స్కీయింగ్ మీద బతుకుతున్నాయి. వాటిలో గది అద్దె వింటే గుండె గుభేలుమంటుంది.

ఆఖరున అలమోసా. మామూలు మోటెల్, ఉతికిన దుప్పట్లు, ధారాళంగా వేడినీళ్ళు, ఎస్టెస్ కేబిన్‌లో సగం ధర. అక్కడి నుంచి గ్రేట్ శాండ్ డ్యూన్స్‌కి ముప్పావు గంట. ఏడొందల అడుగుల పైచిలుకు ఇసుక దిబ్బలు, వెనకాల మంచు కొండలు. ఎండ ముదిరితే ఇసుక 65 డిగ్రీల దాకా కాగుతుందట, ఎనిమిదింటికల్లా చేరుకున్నాం. దిబ్బల ముందు పారే మెడానో వాగు మే, జూన్ నెలల్లోనే నిండుగా ఉంటుంది. అడుగున ఇసుక చిన్న చిన్న కట్టల్లా పేరుకుని, తెగినప్పుడల్లా అల తోసుకొస్తుంది. ఇది తెలీక అమ్మ చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి వాగులో నిలబడింది. రెండో అలకి మోకాళ్ళ దాకా తడిసి, "సముద్రం లేని చోట ఈ కెరటమేంట్రా!" అని అరిచింది. బయటికి మాత్రం రాలేదు.