రికీ మార్టిన్ హిట్స్: స్పానిష్ ఆల్బమా, ఇంగ్లిష్ ఆల్బమా?

ప్యూర్టోరికో గాయకుడు రికీ మార్టిన్ హిట్ పాటల ఆల్బమ్‌లు 2001లోనే రెండు వచ్చాయి. ముందుగా స్పానిష్‌లో ‘లా హిస్టోరియా’, ఏడాది చివర్లో ఎక్కువగా ఇంగ్లిష్ పాటలతో ‘ది బెస్ట్ ఆఫ్ రికీ మార్టిన్’. ఒక్కటే వినే తీరిక ఉంటే దేన్ని పట్టుకోవాలి?

డ్యాన్స్ పాటలే కావాలంటే రెండోది చాలు. 1999లో అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 5 వారాలు మొదటి స్థానంలో నిలిచిన ‘లివిన్ లా విదా లోకా’, క్రిస్టినా అగిలేరాతో పాడిన యుగళగీతం అందులో ఉన్నాయి. పార్టీలో పెడితే ఎవరూ కూర్చోరు.

నా మనసు మాత్రం ‘లా హిస్టోరియా’ వైపే. ‘వుయెల్వే’ వినండి. ఆ మాటకు ‘తిరిగి రా’ అని అర్థం. నెమ్మదిగా, దాదాపు మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టి, పల్లవికి వచ్చేసరికి గొంతెత్తి వేడుకుంటాడు. వెనక బృందగానం తోడవుతుంది. భాష రాకపోయినా గుండె బరువెక్కుతుంది. మాతృభాషలో పాడుతున్నప్పుడు అతని గొంతులో ఆ చనువు వేరు!

ఇంకో విశేషం ఉంది. 20 ఏళ్లు నిండకముందు, 1991 నాటి తొలి ఆల్బమ్‌లో పాడిన ‘ఫుయెగో కోంత్రా ఫుయెగో’ను దీనికోసం మళ్లీ రికార్డు చేశాడు. పాతదీ కొత్తదీ వెంటవెంటనే వింటే, కుర్రాడి గొంతు పదేళ్లలో ఎంత ముదిరిందో తెలిసిపోతుంది. 1998 ఫ్రాన్స్ ప్రపంచకప్ ఫుట్‌బాల్ పాట కూడా ఇందులో స్పానిష్‌లోనే వినొచ్చు. ఆ డోళ్లు, ట్రంపెట్‌లకు హెడ్‌ఫోన్స్ సరిపోవు, మంచి స్పీకర్లలోనే పెట్టండి.