సంగమేశ్వరం నీళ్ల మీద: పడవ, భోజనం, బస

సీమలో ఒక పూటంతా నీళ్ల మీద గడపాలనుకునే వాళ్లకు నేను గండికోట కంటే శ్రీశైలం జలాశయం నీళ్లలో ఉన్న సంగమేశ్వరమే ముందు చెబుతాను. గండికోటలో బసకు ఇబ్బంది లేదు. కోట దగ్గరే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం, జామా మసీదు తీరిగ్గా చూసుకోవచ్చు. కానీ అక్కడ పెన్నా నదిని ఎక్కువగా లోయ అంచు మీద నిలబడి చూడటమే.

కర్నూలు నుంచి వెళ్లేవాళ్లు నందికొట్కూరులోనే ఉగ్గాని బజ్జీ తినేయండి. దాటితే మాకు మంచి హోటల్ కనిపించలేదు.

శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీళ్లు నిండుగా ఉన్నన్నాళ్లూ సంగమేశ్వరుడి గుడి మునిగే ఉంటుంది. మట్టం సుమారు 840 అడుగులకు దిగితే గర్భగుడి తేలి, వేపమొద్దు శివలింగం దర్శనమిస్తుంది. అది ఎక్కువగా ఎండాకాలం మాట. మేం వెళ్లినప్పుడు శిఖరం ఒక్కటే పైకి ఉంది. పడవలోనే చుట్టూ తిరిగి దండం పెట్టుకున్నాం. కృష్ణ, తుంగభద్ర, భవనాసి, ఇలా ఏడు నదులు కలిసే చోటని పేరు. ఆ నీళ్ల మధ్య మాట రాదు.

నాకు బాగా నచ్చింది మాత్రం చేపల వాళ్ల బతుకు దగ్గరగా చూడటం. విశాఖ వైపు నుంచి వలస వచ్చిన ఒక జంట ఒడ్డున టార్పాలిన్ గుడిసె వేసుకున్నారు. పొద్దుగూకే వేళ వలలు వేస్తారు, తెల్లారకముందే తీస్తారు. ఆయన తెడ్డు వేస్తుంటే ఆమె పుట్టి (గుండ్రటి చిన్న పడవ) అంచుకు మోకాలు ఆనించి వల లాగుతుంది. చేప మొప్పల్లో చిక్కిన దారాన్ని తెంపకుండా గోటితో విప్పుతుంది. కాళ్ల దగ్గర నూనె డబ్బా ముక్క, ఊరిన నీళ్లు తోడటానికి. పగలంతా చిరుగులు కుట్టుకోవడమే. గాలి సంగతి అడిగితే, "తిరిగిందంటే ఆగం బాబూ, వల వదిలేసైనా ఒడ్డుకొచ్చేస్తాం" అంది. డబ్బులిస్తే బొచ్చె చేప పులుసు, అన్నం వండిపెట్టింది. ఈ ప్రయాణంలో అంత మంచి భోజనం ఇంకెక్కడా తినలేదు.

సౌకర్యాలు మాత్రం బాగా తక్కువ. రేవులో మరుగుదొడ్డి కనిపించలేదు. ఆడవాళ్లకు చాలా కష్టం. మేమెక్కిన మోటారు పడవలో లైఫ్ జాకెట్లు మనుషులకు సరిపడా లేవు, ఒకదానికి బకిల్ ఊడిపోయింది. ఎన్నున్నాయో చూసుకున్నాకే బేరమాడండి, పిల్లలుంటే మరీను. రాత్రికి ఆత్మకూరు లాడ్జి చాలు, గది శుభ్రంగానే ఉంది. పొద్దున్నే పడవెక్కి, గాలి లేవకముందే ఒడ్డు చేరండి. ఇంతమంది వచ్చే రేవుకు ప్రభుత్వం జాకెట్లు, మరుగుదొడ్లు వెంటనే ఏర్పాటు చేయాలి.